తెల్ల పేజీ మీద సంతకం

సంక్రాంతికి అత్తగారింటికి పోయినప్పుడు మా బామ్మర్ది ఒక మాట అన్నడు, అప్పటిసంది అది బుర్రల తిరుగుతనే ఉన్నది. వాడు గచ్చిబౌలిల సాఫ్ట్‌వేర్. సకినాలు నములుకుంట, "బావా, అసలు ఈ ఎమ్మెల్యేలు, ఎంపీలు ఎందుకు చెప్పు, అందరి చేతుల ఫోన్ ఉన్నది, ఆధార్ ఉన్నది, పది రూపాయల చాయ్‌కి కూడ స్కాన్ చేస్తున్నం, ఒక్కో బిల్లు మీద మనమే డైరెక్టుగా ఓటు గుద్దితే ఐపాయె కదా" అన్నడు. మా మామ పేపర్లకెళ్ళి తలకాయ ఎత్తకుంటనే "ముందు మీ అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపుల ఆ లిఫ్టు సంగతి తేల్చుకోండ్రి" అన్నడు. అందరం నవ్వినం, మాట అక్కడికే తెగింది.

కానీ వాడు చెప్పినదాంట్ల తప్పు ఏందో నాకు అప్పటికప్పుడు తోచలే. తోచలే అంటే, సగం నాకు గూడ అట్లనే అనిపిస్తది. ఐదేండ్లకు ఒక్కసారి వేలికి సిరా పెట్టించుకొని మిగిలిన పద్దెనిమిది వందల దినాలు టీవీ ముందల కూర్చొని తిట్టుడు, ఇదేం ప్రజాస్వామ్యం అని. వాడు తర్వాత నాలుగు వీడియోలు గూడ పంపిండు, అన్నీ స్విట్జర్లాండ్ గురించే. చూసిన. చూసినంక నాకు యాదికి వచ్చింది మాత్రం స్విట్జర్లాండ్ కాదు, మా ఊరి పంచాయతీల ఒక రిజిస్టర్.

నేను ఉండేది నల్గొండ టౌన్ల, ఓటు మాత్రం ఊర్లనే. 2025 జనవరిల గ్రామసభలు పెట్టిన్రు కదా, రైతు భరోసా, ఇందిరమ్మ ఇండ్లు, రేషన్ కార్డులు, ఆత్మీయ భరోసా, నాలుగు లిస్టులు చదివేటివి, అప్పుడు పోయిన. సర్పంచులు దిగిపోయి ఏడాది అయితున్నది, స్పెషల్ ఆఫీసర్ల పాలన. స్కూలు ముందల షామియానా, ఇరవై కుర్చీలు, మిగిలినోళ్ళు చింతచెట్టు కింద. లిస్టు చదువుడు మొదలువెట్టంగనే "నా పేరేది" "నా పేరేది" అని లొల్లి, ఆ లొల్లిల మైకు గూడ వినపడలే. అంతట్ల ఒక పిలగాడు నా ముందలికి రిజిస్టర్ పట్టుకొచ్చిండు, సంతకం పెట్టు అన్నా అని. చూస్తే పేజీ పైన తారీఖు రాసి ఉన్నది, "గ్రామసభ తీర్మానములు" అని ఒక లైను, దాని కింద అంత తెల్లగ ఉన్నది. సంతకాలు మాత్రం కింది సగంల అప్పటికే ఒక నలభై. పక్కన ఇంకు ప్యాడు, మా పెద్దమ్మ బొటనవేలు అద్ది చీరె కొంగుకు తుడుసుకుంటున్నది. "రాయకముందే సంతకమా తమ్మీ" అన్న. "తర్వాత రాస్తరు అన్నా, మీరు పెట్టుండ్రి" అన్నడు. నేను పెట్టిన. అబద్ధం ఎందుకు, పెట్టిన. ఎనక నలుగురు నిలవడి ఉన్నరు, లేట్ చేస్తే నన్నే తిడుతరు.

నేను ఇంత పొడుగు రాస్తున్నది ఆ తెల్ల సగం పేజీ గురించే. మనకు డైరెక్టుగా పాల్గొనే హక్కు లేదని కాదు నా బాధ. ఉన్నది. సంతకం పెట్టే హక్కు, చెయ్యెత్తే హక్కు కావాల్సినంత ఉన్నది. ఆ సంతకం పైన ఏం రాయాల్నో చెప్పే హక్కే లేదు. మా బామ్మర్ది యాప్ వచ్చినా ఇదే కథ, బటన్ మనం గుద్దుతం, బటన్ పక్కన ఉండే వాక్యం ఎవడో రాస్తడు.

480 మంది

మా జిల్లోళ్ళకు ఇది కొత్త ముచ్చట కాదు. 1996 లోక్‌సభ ఎన్నికలప్పుడు నేను హైస్కూల్ల ఉన్న. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి తాగి బొక్కలు వంకర పోతున్నయి, కృష్ణ నీళ్ళు ఇయ్యుండ్రి అని ఏండ్ల సంది మొత్తుకున్నా ఎవడు ఇనకపోతే, జల సాధన సమితోళ్ళు ఒక ఉపాయం ఆలోచించిన్రు. నల్గొండ సీటుకు ఊరూరి నుంచి నామినేషన్లు వేయించిన్రు. మొత్తం 480 మంది బరిల నిలవడ్డరు. బ్యాలెట్ పేపరు పేపరు కాదు, పుస్తకం అయి కూర్చున్నది, పోలింగే వాయిదా పడ్డది. మా చిన్నాయన గూడ వేసిండు నామినేషన్. గార పండ్లు, మోకాళ్ళు వంగవు, అట్లనే ఐదు వందలు అప్పు తెచ్చి కలెక్టరేట్ల లైను కట్టిండు. తీరా ఓటేద్దామని పోతే ఆయన గుర్తు ఏ పేజీల ఉన్నదో ఆయనకే దొరకలేదట, "ఎనక నుంచి తిప్పిన, ముందల నుంచి తిప్పిన, ఆఖరికి కంకి కొడవలికి వేసి వచ్చిన" అని ఇప్పటికీ నవ్వుతడు. గెలిచింది గూడ సీపీఐ ధర్మభిక్షం గారే.

ఇది నాకు మస్తు పెద్ద సంగతి అనిపిస్తది. ఆ 480 మందిల గెలుద్దామని నిలవడ్డోళ్ళు ఎంతమంది, వేళ్ళ మీద లెక్కవెట్టొచ్చు. మిగిలినోళ్ళు ఒక ప్రశ్న అడగటానికి నిలవడ్డరు, నీళ్ళు ఇస్తరా ఇయ్యరా అని. ఆ ప్రశ్న నేరుగ అడిగే కాగితం మన రాజ్యాంగంల యాడ లేదు, రెఫరెండం అనే మాటనే లేదు, అందుకని వాళ్ళు వాళ్ళ పేర్లనే ప్రశ్న చేసి బ్యాలెట్ మీద అచ్చు వేయించుకున్నరు. మరి దానికి జవాబు ఏం వచ్చింది? అదే ఏడాది చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10,000 చేసిన్రు, పార్టీ లేనోడు నిలవడాలంటే పది మంది ప్రతిపాదించాలె అన్నరు. ఒక్క నల్గొండ కోసమే అని నేను అనను, తమిళనాడుల మొదకురిచ్చి అసెంబ్లీ సీటుకు అప్పుడే వెయ్యి మందికి పైన నిలవడ్డరు. ఏదేమైనా ప్రశ్న అడిగే ఫీజు పెరిగింది. ఇప్పుడు 25,000.

నిజామాబాద్ పసుపు, జొన్న రైతులు 2019ల మళ్ళ అదే పని చేసిన్రు, 185 మంది అభ్యర్థులు, అందుల 178 మంది రైతులే. ఒక్కో బూతుల పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరుసగ పేర్చిన్రు. పసుపు బోర్డు 2025 సంక్రాంతి నాడు మొదలైంది. అంటే అస్సలు పనికి రాదని అనలేం. మా నీళ్ళ సంగతి చూస్తే పుట్టంగండి లిఫ్టుతోని కొన్ని వచ్చినయి, భగీరథ పైపులు వచ్చినయి, కానీ శ్రీశైలం నీళ్ళు తెచ్చే ఎస్ఎల్‌బీసీ సొరంగం ఇంకా తవ్వుతనే ఉన్నరు, 2025 ఫిబ్రవరిల దోమలపెంట కాడ అది కూలి, పని చేస్తున్న ఎనిమిది మంది అందుల్నే ఇరుక్కుపోయిన్రు. మా చిన్నాయన టీవీ చూసుకుంట ఏం మాట్లాడలే ఆ దినం.

బామ్మర్ది వీడియోల సంగతి

స్విట్జర్లాండ్‌ల ఏడాదికి నాలుగు సార్ల దాకా ఓటింగులు ఉంటయట, వాడికి అది మస్తు నచ్చింది. నాకు నచ్చింది ఓటింగు కాదు, దానికి ముందల జరిగే పని. పార్లమెంటు చేసిన చట్టం నచ్చకపోతే 100 దినాలల్ల 50,000 సంతకాలు తెస్తే దాన్ని జనం ముందల పెట్టాల్సిందే. రాజ్యాంగమే మార్చాలంటే 18 నెలలల్ల లక్ష సంతకాలు. అక్కడ సంతకం పెట్టేటప్పుడు పైన వాక్యం రాసి ఉంటది, చదివి పెడ్తరు. మాకు, వాళ్ళకు తేడా అదే, గంతే.

ఇంకొకటి గూడ ఉన్నది, అది వీడియోలల్ల చెప్పలే. అదే దేశంల ఆడోళ్ళకు జాతీయ ఎన్నికల ఓటు 1971 దాక రాలే. ఎందుకంటే ఇయ్యాల్నా వద్దా అని మొగోళ్ళను ఓటు అడిగిన్రు, 1959ల వాళ్ళు వద్దు అన్నరు. మా నాయనమ్మ 1952లనే ఓటేసింది, ఎవ్వల్ని అడగకుంట, రాజ్యాంగం ఇచ్చింది కాబట్టి. అప్పెంజెల్ ఇన్నర్‌రోడెన్ అనే ఒక చిన్న రాష్ట్రంలనైతే 1990ల కోర్టు చెప్పేదాక ఆడోళ్ళను స్థానిక ఓటుకు రానియ్యలే. జనాన్ని అడిగితే అంత మంచే జరుగుతది అనుకునేటోళ్ళు ఇది చూసి కొద్దిగ ఆగాలె.

నేను ఎత్తిన చెయ్యి

అంత దూరం పోవుడెందుకు. 2019 పల్లె ప్రగతి కార్యక్రమంల ప్రతి ఊర్ల డంపింగ్ యార్డు, వైకుంఠధామం (శ్మశానం), నర్సరీ కట్టమన్నరు. డంపింగ్ యార్డు యాడ పెట్టాలె అని మా ఊర్ల సభ పెట్టిన్రు, బాజాప్తగ సభ. పత్తి ఏరే కాలం. పొద్దుగాల పదకొండు గంటలకు. ఎస్సీ కాలనీ ఎనక సర్కారు జాగ ఉన్నది, అక్కడ పెడ్దాం, ఒప్పుకునేటోళ్ళు చేతులు ఎత్తుండ్రి అంటే అందరం ఎత్తినం. నేనూ ఎత్తిన. కాలనీ నుంచి ఇద్దరు ముసలోళ్ళు ఉన్నరు, మిగిలినోళ్ళంత పత్తికి పోయిన్రు. ఆ ఇద్దరు ఎత్తలే, కానీ ఎవ్వరు వాళ్ళ దిక్కు చూడలే గూడ. ఏకగ్రీవం అని రాసిన్రు.

మా బామ్మర్ది అడిగే డైరెక్ట్ డెమోక్రసీ అంటే అదే కదా, ఎమ్మెల్యే లేడు, ఆఫీసర్ ఒత్తిడి లేదు, జనమే నిర్ణయించిన్రు. ఆ చెత్త కాల్చినప్పుడల్ల పొగ ఎవరి ఇండ్లల్లకు పోతదో చూసినంకనే నేను ఏం చేసిన్నో నాకు తెలిసింది. అంబేద్కర్ గారు 1948 నవంబర్ 4 నాడు రాజ్యాంగ సభల, ఊర్లకు అధికారం ఇయ్యాలె అనేటోళ్ళతోని ఊరు అంటేనే ఇరుకు బుద్ధికి, అజ్ఞానానికి గుహ అన్నట్టు మాట్లాడిండు. స్కూల్ల చదివినప్పుడు కోపం వచ్చేది, మా ఊరిని అంత మాట అంటడా అని. ఇప్పుడు రాదు.

సభ రాత్రి ఏడు గంటలకు పెడితే, వారం ముందల డప్పు చాటింపు వేస్తే కాలనోళ్ళంత వచ్చేటోళ్ళు కదా అని నాకు నేను చెప్పుకున్న. వచ్చినా వాళ్ళు ఎనభై మంది, మేం మూడు వందలు. చేతులు లెక్కవెడితే మళ్ళ అదే. అందుకని కొన్ని సంగతులు అసలు చేతులు ఎత్తించే సంగతులే కావు, ఎవరి ఇంటి పక్కన ఏం పెట్టొద్దో ముందే రూల్ ఉండాలె అనేదాక వచ్చిన నేను. ఇది రాస్తుంటే నా వాదన నాకే అడ్డం వస్తున్నది, రానియ్యుండ్రి.

పైసల సంగతి గూడ ఎవరో ఒకరు అడుగుతరు కాబట్టి ముందే చెప్త. 2022 నవంబర్ల మునుగోడు ఉప ఎన్నిక అప్పుడు చుట్టాల ఇండ్లల్ల ఏ చాయ్ కాడ కూర్చున్నా ఒకటే మాట, మనకెంత ముడుతది అని. ఓటు అమ్ముకునేటోళ్ళు రేపు ప్రతి తీర్మానాన్ని అమ్ముకోరా? అమ్ముకుంటరేమో. కానీ మా పెద్దమ్మ లెక్క వేరే ఉన్నది, "ఐదేండ్లకొక్కసారి అచ్చేటోడు, మళ్ళ మొకం సూపియ్యడు, గప్పుడన్న తీసుకోకపోతే ఎప్పుడు తీసుకోవాలె బిడ్డా" అంటది. ఆమెకు ఓటు ఒక్కతీరుగనే పనికొస్తది కాబట్టి ఆ ఒక్కతీరుగ వాడుకుంటున్నది. గ్రామసభల ఏడాదికి ఆరు సార్లు ఆమె మాట వల్ల ఏదన్న మారుతది అని తెలిస్తే అప్పుడు గూడ అట్లనే అంటదా? నేను పందెం కాయలేను గని, అనదనే అనుకుంటున్న.

ఎవని వేలు ఇది

నేను డైరెక్ట్ డెమోక్రసీ అనేది కండ్లతోని చూసింది ఒక్కసారే, అదీ చెయ్యెత్తే కాడ కాదు. డిగ్రీ అయినంక ఖాళీగ తిరుగుతుంటే ఉపాధి హామీ సామాజిక తనిఖీల పనికి తీసుకున్నరు, అప్పటి పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లల ఒక మండలం. పథకం 2006ల మొదలైనప్పుడే మహబూబ్‌నగర్, నల్గొండ రెండూ మొదటి విడతల ఉన్నయి. మా పని ఏందంటే మస్టర్ (పని హాజరు) కాగితాలు పట్టుకొని ఇంటింటికి పోవుడు, నీ పేరు మీద ఇన్ని దినాలు రాసి ఉన్నది, ఇంత కూలి ముట్టినట్టు ఉన్నది, నిజమేనా అని అడుగుడు. ఆఖరికి ఊర్ల అందరి ముందల ఆ కాగితాలు గట్టిగ చదువుడు.

ఒక ఊర్ల కూలి ముట్టినట్టు ఉన్న కాగితం చదువుతున్న. ఒకామె పేరు, ఆరు దినాలు, వేలిముద్ర. ఆమె లేచి నిలవడి "ఆ కాగితం ఇటు సూపియ్యి" అన్నది. దగ్గరికి వచ్చి ముద్రను చానాసేపు చూసి, "నేను పొదుపు సంఘంల సంతకం నేర్చుకున్న, బ్యాంకుల గూడ సంతకమే పెడ్త, వేలు పెట్టక పదేండ్లాయె. ఎవని వేలు ఇది?" అని తిరిగి జనాన్ని అడిగింది, నన్ను కాదు. ఎవ్వరు మాట్లాడలే. ఆ హాజరు రాసే ఫీల్డ్ అసిస్టెంట్ చెప్పులు చూసుకుంట కూర్చున్నడు. ఆ తర్వాత లైనుగా లేచిన్రు జనం, నాది చదువు, నాది చదువు అని. ఆ దినం ఎవ్వరు ఓటెయ్యలే, చెయ్యి గూడ ఎత్తలే. సర్కారు కాగితం మీద ఏం రాసి ఉన్నదో చెవులకు వినపడ్డది, అంతే.

ఆమెకు ఆ ఆరు దినాల పైసలు మళ్ళ ముట్టినయా అంటే, ఆర్నెల్ల తర్వాత అదే ఊరికి పోతే "యాడియి" అని నవ్వింది. చదువుడు మా చేతుల ఉన్నది, వసూలు చేసుడు లేదు. ఈ లోటు చిన్నది కాదు.

ఒక్క మాట తేడా

రాష్ట్రంల పంచాయతీ రాజ్‌ను 1959ల నెహ్రూ వచ్చి షాద్‌నగర్‌లనే మొదలుపెట్టిండు, మన పాలమూరు గడ్డ మీదనే. 73వ సవరణ 1993ల అమలుకొచ్చి గ్రామసభ రాజ్యాంగంలకు ఎక్కింది. 2018 తెలంగాణ పంచాయతీ రాజ్ చట్టం రెండు నెలలకు ఒకసారి సభ పెట్టాలె అంటది. ఇన్ని ఉన్నా రాజ్యాంగంల 243ఏ చదివితే గ్రామసభకు ఏ అధికారాలు ఉండాల్నో రాష్ట్రమే చట్టం చేసి ఇయ్యొచ్చు అని ఉంటది. ఇయ్యొచ్చు, ఇయ్యాలె కాదు. నల్లమలల అమ్రాబాద్ దిక్కు షెడ్యూల్డ్ ఏరియాకు పెసా అనే గిరిజన ప్రాంతాల పంచాయతీ చట్టం ఉన్నది కదా, భూమి తీసుకునే ముందల ఊరిని "సంప్రదించాలె" అంటది, "ఒప్పించాలె" అనదు.

ఆ ఒక్క మాట ఎంత పని చేస్తదో ఒడిశా నియమగిరిల చూసినం. 2013ల సుప్రీంకోర్టు గ్రామసభలనే తేల్చమంటే, కొండ మీద వందకు పైన ఊర్లు ఉన్నా అక్కడి సర్కారు 12 ఊర్లను ఎంచింది. ఎంచిన ఆ 12 గూడ బాక్సైట్ గనులు వద్దే అన్నయి. ఎవర్ని అడగాల్నో వాళ్ళే ఎంచినా జవాబు మాత్రం వాళ్ళు అనుకున్నది రాలే. నేను పొద్దుగాల నుంచి చెప్తున్నదానికి ఇది ఎదురు సాక్ష్యమే, ప్రశ్న ఎవరు రాసినా అడిగేటిది గట్టిదైతే జనం నిలవడతరు. మా దిక్కు లంబాపూర్, పెద్దగట్టు యురేనియం గనుల మీద 2003 ఆగస్టుల ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినప్పుడు గూడ ఎంత వ్యతిరేకత వచ్చిందో పెద్దోళ్ళకు యాదికుంటది. గని, సేకరణ అనే మాటల్నే ఉన్నది, అభిప్రాయం తీసుకుంటం, తర్వాత మా ఇష్టం అని.

అందుకని నేను అడిగేటియి చిన్నయే. సభల ఏం మాట్లాడుతున్నరో వారం ముందల ఊర్ల చాటింపు వెయ్యాలె. తీర్మానం రాసి, గట్టిగ చదివి, అప్పుడు సంతకం తీసుకోవాలె. మండలం ఆఫీసు ఆ తీర్మానం కాదన్నదనుకో, ఎందుకు కాదన్నదో కాగితం మీద రాసి ఊరికి తిప్పి పంపాలె. ఈ మూడోది మా బామ్మర్దికి బోర్ కొట్టింది, "ఇంతేనా బావా" అన్నడు. ఇంతే. వాడు ఎన్నడన్న ఒక అర్జీ పెట్టి ఏడాది దాక జవాబు రాకుంట తిరిగి ఉంటే గట్ల అనడు.

మొన్న రిపబ్లిక్ డే నాడు

కొత్త సర్పంచ్ వచ్చినంక సభ, జెండా ఎగరేసినంక. నేను మళ్ళ పోయిన. సెక్రటరీ పాపం చిన్న పిలగాడు, చేతుల ఫోన్ మోగుతనే ఉన్నది, ఒంటి గంటకల్ల సభ ఫొటోలు పైకి పంపాలెనట. రిజిస్టర్ తిరుగుడు మొదలైంది, మళ్ళ తెల్ల పేజీ. "తమ్మీ, ముందు రాసి చదువు, అప్పుడు పెడ్తం" అన్న. సర్పంచ్ నా మొకం చూసిండు, టౌన్ల ఉండేటోనికి ఏం పని అన్నట్టు. మా పెద్దమ్మ పక్కనుంచి "రాయని కాయితం మీద ఏలెందుకు పెట్టాలె" అన్నది, పోయినేడు పెట్టిన సంగతి మర్చిపోయి.

రాసిండు, చదివిండు. సీసీ రోడ్డు ఉన్నది, కాలనీ బోరు మోటరు లేదు. అదేది అంటే ఎక్కించిండు. అప్పుడు కాలనీ నుంచి ఒకామె లేచి డంపింగ్ యార్డు మార్చాలె అని గూడ రాయి అన్నది. సర్పంచ్ "అది పైన ఒప్పుకోరు, రాసినా దండుగ" అన్నడు. ఒప్పుకోకపోతే పోనీ, అడిగినట్టన్న ఉండనీ అని నేను, ఇంకిద్దరు. చానాసేపు గుంజినంక "డంపింగ్ యార్డు మార్చాలని కొందరు కోరారు" అని రాసి చదివిండు. ఆమె కూర్చోలే. "కొందరంటే ఎవరు? పేర్లు రాయి" అన్నది. పదకొండు పేర్లు రాయించింది. పన్నెండోది నా పేరు చెప్పిన, ఆమె నా దిక్కు చూసింది గని ఏం అనలే. ఆ రోజు నేను చెయ్యెత్తిన సంగతి ఆమెకు ఎరుకనో కాదో.

ఇదంత ముప్పావు గంట పట్టింది. ఈలోపల ఎండ ఎక్కింది, బూందీ ప్యాకెట్లు అయిపోయినయి, సగం మంది లేచి పోయిన్రు. సంతకాలకు మనుషులు తక్కువ పడ్డరు.

రాత్రి మా తమ్ముడు ఫోన్ చేసిండు. "అన్నా, రిజిస్టర్ పట్టుకొని ఇంటికొచ్చిన్రు, నేను సభకు రాలే కదా, సంతకం పెట్టాల్నా?" అన్నడు. చదివి పెట్టు అన్న.

"అబ్బో, రెండు పేజీలు ఉన్నదే, గింత ఎవడు చదువుతడు" అన్నడు.